జస్టీనా పెద్దమ్మ ఆమేన్ అనదు

జస్టీనా పెద్దమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ప్రార్థన చివర ఆమేన్ అనదు. అసలే అనదని కాదు, మనసుకు కుదిరితేనే అంటుంది. కుదరకపోతే కళ్లు తెరిచి, తలెత్తి, బజారులో బేరం తెగనట్టు "ఇంకా లేదు" అంటుంది. అదైనా మెల్లగా అంటుందా? చివరి బల్ల దగ్గర కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి లేచేంత గట్టిగా అంటుంది.

కిర్గిజుల దేశంలోని చూయ్ లోయలో జర్మనులు కట్టుకున్న పల్లె మాది. ఇప్పుడు జర్మనులం పది ఇళ్లవాళ్లమే మిగిలాం. ప్రార్థన మందిరంలో మిగతా బల్లలు రష్యన్లతో, కొరియన్లతో, ఒకరిద్దరు కిర్గిజులతో నిండుతాయి. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు మోకరిస్తాం. ఎవరికి తోస్తే వాళ్లు పైకి ప్రార్థన చేస్తారు, అది ముగియగానే అందరం ఆమేన్ అంటాం. ఆ మాట వినపడితేనే మోకాళ్లకు విడుదల. అలాంటి చోట పెద్దమ్మ "ఇంకా లేదు" అంటే, లేవాలో మళ్లీ మొదలుపెట్టాలో తెలియక మా సంఘపెద్ద గెర్హార్డ్ సగం లేచి అలాగే ఆగిపోయేవాడు. పాపం, ఆయన నడుము అసలే అంతంతమాత్రం.

ఒకసారి గేటు దగ్గర ఆమెను ఆపాడు.

"పెద్దమ్మా, నా ప్రార్థనలో నీకేం తక్కువైంది?"

"తక్కువ కాదయ్యా, ఎక్కువైంది. ఇరవై నిమిషాల్లో దేవుడికి పద్నాలుగు మాటలిచ్చావు. మూడో మాట దాకా నీ వెంటే ఉన్నా. శత్రువుల్ని ప్రేమిస్తాం అన్నావే, అక్కడ దిగిపోయా."

"నీకు శత్రువులెవరమ్మా?"

"ఎగువింటి కొర్నేలియస్. కాలవలో నా వంతు నీళ్లు తన దుంపల చేలోకి తిప్పుకున్నాడు."

"క్షమించేయొచ్చుగా?"

"ప్రయత్నిస్తూనే ఉన్నా. మంగళవారం కాస్త వచ్చింది. బుధవారం మళ్లీ తిప్పుకున్నాడు."

పాటల్లోనూ ఇదే గొడవ. మందిరంలో పాట ఎత్తుకునేది నేను. ఆడవాళ్ల వైపు గొంతులన్నీ పెద్దమ్మ గొంతును పట్టుకునే నడుస్తాయి. మాకు ఒక పాట ఉంది, లోకంలో నాకేదీ వద్దని. ఆ చరణం రాగానే పెద్దమ్మ నోరు మూసేసేది. ఆమె ఆగితే మిగతా ఆడవాళ్లు తలో దారి పట్టేవాళ్లు.

"ఏం పెద్దమ్మా, నా పరువు తీస్తున్నావు?" అన్నాను ఓసారి.

"నాకు కొత్త పొయ్యి కావాలి కదరా అబ్రామూ. ఏదీ వద్దని ఎలా పాడను?"

"అది పాట పెద్దమ్మా!"

"పాటైతే? ఆయన చెవులు మూసుకుంటాడా?"

ఆ శరదృతువులో పొయ్యి కొనుక్కుంది. మరుసటి ఆదివారం ఆ చరణాన్ని కిటికీ అద్దాలు అదిరేలా పాడింది. తర్వాతి చరణం దగ్గర మళ్లీ నోరు మూసింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

పట్నం నుంచి ఒక కుర్ర బోధకుడు వచ్చి "ప్రభువా, నీకోసం ప్రాణాలైనా ఇస్తాం" అని చేతులెత్తాడు. "ఇంకా లేదు" అంది పెద్దమ్మ. ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. మధ్యాహ్నం భోజనానికి అతన్ని తన ఇంటికే పిలిచింది.

"బాబూ, బస్సులో వచ్చావా?"

"అవునమ్మా."

"నిండా జనం ఉన్నారా? ముసలివాళ్లెవరికైనా సీటిచ్చావా?"

అతను సూపులో చెంచా తిప్పాడు. "లేదమ్మా."

"పోనీలే, నిజం చెప్పావు. అక్కడి నుంచి మొదలుపెట్టు. ముందు తిను, చల్లారిపోతోంది."

ఇన్నాళ్లూ ఇది మాకు నవ్వులాటే. నవంబరులో రాయా కిమ్ ఇంటి కప్పు కూలేదాకా ఎవరం కోప్పడలేదు.

రాయా మా సంఘంలోని కొరియన్ విధవరాలు. తడి మంచు ఒక్కసారిగా పడి, పుచ్చిపోయిన దూలం విరిగి, ఇల్లంతా నేలకు దిగింది. దేవుడి దయ, ఆ సమయానికి ఆమె పెరట్లోని వేసవి వంటింట్లో ఉంది. ఆ రోజు నుంచి అక్కడే ఉంటోంది. ఒంటి ఇటుక గోడ, కిటికీ నిండా సందులు. జనవరి చలికి అందులో బతకడం కల్ల. తాష్కెంటులోని మేనకోడలు వచ్చేయమని రాసింది. రాయాకు కదలాలని లేదు. ఆమె భర్త తిమోఫేయ్ సమాధి ఇక్కడే గుట్ట మీద ఉంది. అది విడిచి ఎక్కడికి పోతానని మా అందరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ ఆదివారం గెర్హార్డ్ ప్రార్థన చేశాడు. "ప్రభువా, మా సహోదరి రాయాకు తలదాచుకునే చోటు చూపించు." ఎంత బాగా చేశాడో! అందరం ఒక్క గొంతుతో ఆమేన్ అన్నాం. అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి నేనే.

"ఇంకా లేదు" అంది పెద్దమ్మ.

రాయా తన శాలువా కొసను మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. విధవరాలి నెత్తిన కప్పు కోసం ఒక్క ఆమేన్! అది కూడా బరువైపోయిందా ఈ ముసలిదానికి?

పెద్దలందరం కూర్చున్నాం. గెర్హార్డ్ తేల్చేశాడు.

"ఈసారి హద్దు దాటింది. వచ్చే ఆదివారం ప్రభు భోజనంలో ఆమెకు రొట్టె ఇవ్వం. అబ్రామూ, వెళ్లి చెప్పిరా."

"నేనే ఎందుకు?"

"నీకు గొంతుంది."

గురువారం వెళ్లాను. తలుపు తీసి చూస్తే పెద్దమ్మ బల్ల ముందు కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా కందిపోయింది. కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి. నా గుండె కరిగిపోయింది.

"ఏడవకు పెద్దమ్మా. పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడు."

"ఏడుపేంట్రా నీ మొహం! కారం!"

అప్పుడు చూశాను. బల్ల మీద ఒక గాజు సీసా, దాని నిండా చిమ్చి. కారం, వెల్లుల్లి దట్టించి క్యాబేజీతో కొరియన్లు పెట్టే ఊరగాయ. పల్లెలో పెద్దమ్మ ఒక్కతే ఆ వాసనకు వీధి దాటి అటు నుంచి పోతుంది.

"ఇదేంటి, నువ్వు తినడమేంటి?"

"ముందు గది రాయాకు ఇద్దామనిరా. గది ఇవ్వడానికేముంది, బీరువా జరిపితే చాలు. కానీ అది చిమ్చి లేకుండా ముద్ద ముట్టదు. రమ్మని పిలిచి, అది సీసా మూత తీసినప్పుడల్లా నేను మొహం ముడుచుకుంటే? దానికి వేసవి వంటిల్లే నయమనిపించదూ? అందుకే బజారు నుంచి తెచ్చుకున్నా. సోమవారం ఒక్క ముక్క తిని వాకిట్లోకి పరిగెత్తా. ఇవాళ చూడు, కుర్చీలోనే ఉన్నా."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "మరి ఆరోజే చెప్పొచ్చుగా? రాయా ఎంత ఏడ్చిందో తెలుసా?"

చెంచా కింద పెట్టింది. "తెలుసు. ఆ రాత్రి నాకూ నిద్ర లేదు. కానీ చెప్పాక నావల్ల కాకపోతే ఇంకా ఏడుస్తుంది. చెయ్యగలనో లేదో తెలియకుండా దేవుడి ముందు అవునని ఎలా అంటాను?"

తప్పదు గనక వచ్చిన పని చెప్పాను. రొట్టె ఇవ్వరనగానే ఆమె మొహం చిన్నబోయింది. అరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ రొట్టెకు దూరం కాలేదు ఆమె.

"అలాగా" అంది. "మంచిది. వాళ్లు అనుకున్నది వాళ్లు చెయ్యనీ. నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకు. శనివారానికి గానీ నాకు తేలదు" అని మళ్లీ చెంచా అందుకుంది.

ఆదివారం రాయా బల్ల ఖాళీగా ఉంది. సోమవారం బండికి తాష్కెంటు వెళ్తోందని, మూటలు కట్టేసిందని అనుకున్నారు. పెద్దమ్మ చోటు కూడా ఖాళీయే. గెర్హార్డ్ రొట్టె మీద గుడ్డ తీయబోతుండగా తలుపు తెరుచుకుంది. రాయా జబ్బ పట్టుకుని పెద్దమ్మ లోపలికి వచ్చింది. వాళ్లతో పాటే వెల్లుల్లి వాసన కూడా.

"గెర్హార్డూ, పోయిన వారం రాయా కోసం చేశావే, ఆ ప్రార్థన ఇంకోసారి చెయ్యి."

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"అప్పుడు రాలేదు. ఇప్పుడొచ్చింది."

అందరం మోకరించాం. గెర్హార్డ్ ఒక్క వాక్యంలో ముగించాడు.

"ఆమేన్!" అంది పెద్దమ్మ. "దాని మూటలు పొద్దున్నే మా ముందు గదిలో దింపేశాం."

రాయా నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేం. "నా చిమ్చి జాడీ కూడా తన వంటింట్లోనే పెట్టించింది, గెర్హార్డ్ అన్నా! నా ఎదురుగా కూర్చుని తింది!"

అటూ ఇటూ అందరి తలలూ వంగిపోయాయి. పోయిన వారం ఆమేన్ అన్న ముప్పైమందిమి, వారమంతా ఏం చేశాం? గెర్హార్డ్ లేవకుండా మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఇంకో ప్రార్థన ఎత్తుకున్నాడు. "ప్రభువా, వసంతానికల్లా రాయా ఇంటికి కొత్త కప్పు వెయ్యనివ్వు."

ఎవరూ ఆమేన్ అనలేదు. చివరికి వెనక నుంచి వడ్రంగి స్తెపాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఆమేన్. రెండు దూలాలు."

"ఆమేన్. మా కొట్టంలో పన్నెండు రేకులున్నాయి" అంది ఒకావిడ.

"ఆమేన్. మోసుకొచ్చే బండి నాది" అన్నాడు కిర్గిజు బాకిత్.

"ఆమేన్. పైకెక్కి మేకులు నేను కొడతా" అన్నాడు గెర్హార్డ్.

"ఆ నడుముతోనా? కింద నిలబడి అందించు చాలు!" అంది ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య.

"ఆమేన్. అందిస్తా."

నా వంతు వచ్చింది. ఈసారి మెల్లగానే అన్నాను. నా దగ్గర రేకులు లేవు, దూలాలు లేవు. కూలిన మట్టి ఎత్తిపోస్తానని చెప్పాను.

అప్పుడు గెర్హార్డ్ రొట్టె పళ్లెం పట్టుకుని అందరికంటే ముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నీకు ఇవ్వొద్దన్నది నేనే పెద్దమ్మా. తప్పయింది."

"ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం గానీ, కాస్త దూరంగా నిలబడు నాయనా. నా నోరు కంపు కొడుతోంది" అని, తన ముక్కలో సగం తుంచి రాయా చేతిలో పెట్టింది.