పదిహేడో పేజీ మీద గీత

మా సార్‌కి చంపడం చేతకాదు. గదిలో బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కి నన్ను కేకేసేవాడు. అలాంటి మనిషి పేరు ఒక హత్యకేసులో తొమ్మిదో ముద్దాయిగా ఎక్కింది. ఎక్కించింది నేనే. నల్లసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ముందు ఆ అక్షరాల సంగతి చెప్పాలి. సార్ ప్రొద్దుటూరులో లెక్కల లెక్చరరు. నేను ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నవాణ్ణి. ఇద్దరం కలిసి మూడేళ్లు తంటాలుపడి ఒక పేపరు రాశాం. కొన్ని చుక్కలు, వాటిని కలిపే కొన్ని గీతలు. చుక్కల్ని రెండు గుంపులుగా విడదీయాలి. గీతలన్నీ ఈ గుంపు నుంచి ఆ గుంపుకే పోవాలి, సొంత గుంపులో ఒక్క గీతా ఉండకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని గీతలు చెరిపేస్తే ఏ బొమ్మైనా అలా రెండుగా చీలుతుంది? ఇదీ మా ప్రశ్న. మా జిల్లాలో పుట్టినవాడికి ఇంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు.

జర్నలుకి పంపాలంటే నియమాల కాగితం ఒకటుంది. మూడు ప్రతులు కావాలి. వరుసల మధ్య ఖాళీ కావాలి. టైపు మిషనులో లేని గుర్తులన్నీ నల్లసిరాతో, ఒకే చేతిరాతతో నింపాలి. సార్ దస్తూరి ఘోరం. ఆయన ఆల్ఫా రాస్తే గాలానికి చిక్కిన చేపలా ఉండేది. నాది అచ్చులా ఉండేది. అందుకని ప్రొద్దుటూరు టైపు అక్క ఖాళీలు వదిలి కొట్టి ఇస్తే, ఆ ఖాళీల్లో ఆల్ఫాలూ సిగ్మాలూ కూర్చోబెట్టడం నా పని.

అక్క మిషనరీ స్కూలు పంతులుగారి కూతురు. ఆమె టైపు మిషను మీద పొద్దున బెయిలు పిటిషన్లు, మధ్యాహ్నం మా సిద్ధాంతం నడిచేవి.

"రెండిట్లోనూ నాకు తెలిసే మాట 'కాబట్టి' ఒకటేనప్పా. దాని ముందరా ఎనకా ఏముందో ఆ దేవునికే తెలియాల" అనేది.

ఇక గుంపుల సంగతి. మా మేనమామ పులివెందుల పక్క ఊరిలో ఒక పార్టీ మనిషి. సార్ అన్న జమ్మలమడుగు పక్క ఊరిలో రెండో పార్టీ మనిషి. పార్టీలు నిన్న మొన్న వచ్చి చేరినవి, పగ పాతది. సార్‌కీ నాకూ మధ్య ఒప్పందం ఒకటే: బజారు మేడమీద మేం రాసుకునే గది గడప లోపల ఆ మాట ఎత్తకూడదు. చెప్పుల్లాగే దాన్నీ బయట విడిచేవాళ్లం.

ఎలక్షన్ల ముందు ఒకరోజు పొద్దున పదిహేడో పేజీ మీద ఉన్నాను. పెద్ద సిగ్మా గీస్తున్నాను. కింద బజారులో బాంబు పేలింది. కిటికీ అద్దం లోపలికి వచ్చి పడింది. నా పెన్ను సిగ్మా కొస నుంచి పేజీ చివరిదాకా జారి పెద్ద గీత గీసింది.

సార్ కిటికీ వైపు చూడలేదు. పేజీ వైపు చూశాడు.

"పాయె" అన్నాడు.

నేను కిటికీలోంచి చూశాను. బట్టల కొట్ల షట్టర్లు టపటపా పడుతున్నాయి. నడిరోడ్డు మీద ఒకాయన కూర్చుని తన కాలు కోసం అటూఇటూ వెతుకుతున్నాడు. చెప్పు కొంచెం దూరంలో ఉంది. చెప్పులో పాదం ఉంది. ఇంకో బాంబు పేలింది. పొగ తగ్గాక చూస్తే ఆయన వెతకడం మానేశాడు.

వెనక్కి తిరిగేసరికి సార్ పాడైన పేజీ మూలన పెన్సిలుతో రాస్తున్నాడు. పేజీ పారేయాల్సి వస్తే కారణం, తేదీ, టైము రాసి దాచుకోవడం ఆయనకు అలవాటు. "పదీ నలభై. బాంబు. మళ్ళీ టైపు చేయించాలి" అని రాశాడు. ఆయన రాతలో చేపలు ఈసారి ఇంకా ఎక్కువయ్యాయి.

మధ్యాహ్నం కింద కొట్టుకు ఫోనొచ్చింది. పొద్దున పదిన్నర ప్రాంతంలో దూరంగా ముద్దనూరు రోడ్డులో మా మామ జీపును అవతలి పార్టీ మనుషులు ఆపారట. బాంబులు వేసి, దూకి పరిగెత్తినవాణ్ణి కంపచెట్లలో పట్టుకుని నరికేశారట. జీపులో ఉన్నది మామ పెద్ద కొడుకు, మా బావ. నన్ను "లెక్కలోడా" అని పిలిచేవాడు. కనిపించినప్పుడల్లా జేబులోంచి వేరుశనక్కాయలు తీసి, "ఇవి ఎన్నో చూడకుండా చెప్పు, అన్నీ నీకే" అనేవాడు. ఎన్ని చెప్పినా "కరెక్టురా" అని చేతిలో పోసేవాడు.

జమ్మలమడుగు ఆసుపత్రికి పోయాను. మార్చురీ ముందు మామ జీపు బానెట్ మీద కూర్చుని ఉన్నాడు. పంచె నెత్తురుకి తడిసి, ఎండి, రేకులా అయిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. పోలీసు ఫిర్యాదుకని తెల్లకాగితాలు చేతికిచ్చాడు.

"దస్తూరి బాగుండేది నీదే అల్లుడా. రాయి."

రాశాను. మొదటి నలుగురి పేర్లు నిజం, జీపు డ్రైవరు కళ్లారా చూశాడు. ఐదో పేరు బ్యాంకు గుమాస్తా. ఆరోది బస్సు కండక్టరు. ఏడు, ఎనిమిది బడిపంతుళ్లు. అప్పట్లో అది పద్ధతి. కొడవలి పట్టినవాడు ఎట్లాగూ జైలుకు పోతాడు, వాడికది అత్తగారిల్లు. ఎదుటి ఇంట్లో చదువుకుని ఉద్యోగం చేసేవాణ్ణి ఇరికిస్తేనే ఇల్లు కూలుతుంది. రెండు వైపులా చేసేవాళ్లు. ఏ ఇంట్లో ఎంతమంది చదువుకున్నారో తెలియాలంటే ఫిర్యాదులు చదివితే చాలు.

తొమ్మిదో పేరు సార్‌ది. ఇనిషియల్‌తో సహా, చదువుతో సహా చెప్పాడు మామ. ఆ వివరాలు ఆయనకిచ్చింది నేనే. పోయిన పండక్కి, "మా సార్ ఎవరినైనా చంపాలనుకుంటే ముందు దానికి నిరూపణ రాస్తాడు మామా, అది అయ్యేలోపల ఎదుటోడు ముసలోడై పోతాడు" అని నవ్వించాను. మామ బాగా నవ్వాడు. బాగా గుర్తుపెట్టుకున్నాడు కూడా.

"మామా, ఈయన ఆడ లేడు."

"నీకెట్ల తెలుసు?"

"నాతోనే ఉండాడు. ప్రొద్దుటూరులో లెక్కలు రాస్తాండాం."

మామ దిగి నా మెడ పట్టుకుని మార్చురీలోకి నడిపించాడు. గుడ్డ లాగేశాడు.

"లెక్కలోడివి కదా. ఎన్ని ఉండాయో లెక్కపెట్టు."

"మామా..."

"లెక్కపెట్టురా!"

గాట్లు పద్నాలుగు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత ఒకటెక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియలేదు. ముఖం సగమే బావది. చొక్కా జేబులో వేరుశనక్కాయలు నానిపోయి ఉన్నాయి.

"ఇప్పుడు రాయి" అన్నాడు మామ.

రాశాను. కింద "రాసినవాడు" అని నా సంతకం కూడా పెట్టాను.

మర్నాడే సార్‌ని పోలీసులు తీసుకుపోయారు. స్టేషనులో ఆయన్ని కొట్టారు. కాలేజీ వాళ్లు సస్పెండ్ చేశారు. సార్ అన్న మనుషులు మా మామ వాళ్ల గడ్డివాములు తగలబెట్టారు. మామ మనుషులు వాళ్ల చీనీతోట నరికేశారు. చెట్లకి పార్టీ ఉండదని ఎవరన్నారో కానీ, మా వైపు ఉంటుంది.

నాలుగో రోజు జమ్మలమడుగు సబ్‌జైలుకు పోయాను. కటకటాల అవతల సార్ ఒక కన్ను మూసుకుపోయి, పెదవి చీలి ఉన్నాడు.

"ఫిర్యాదు నాకు చూపించినార్రా" అన్నాడు సార్. "శానా బాగుంది దస్తూరి."

సార్ కటకటాల దగ్గరికి జరిగాడు.

"ఎనిమిది పేర్లదాకా చెయ్యి బాగానే ఉండాది. తొమ్మిది కాడ వణికింది. అయినా నీ వణుకు కూడా నా మామూలు రాతకన్నా మేలు."

"సార్, నేను..."

"పదిహేడో పేజీ మళ్ళా టైపు అయిందా?"

"అయింది సార్."

"గుర్తులు నింపినావా?"

"లేదు సార్."

"నింపాల గదా. నేను ఈడ కూర్చుంటే నువ్వూ కూర్చుంటావా?" అని ఆగి, "నాలుగో ఉపసిద్ధాంతంలో ఒక గీత ఎక్కువ చెరుపుతాండాం. అది అక్కర్లే. లోపల ఖాళీగా ఉండి చూసుకున్నా" అన్నాడు.

ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఇంటికిపోయి పడుకునేవాణ్ణి. తిట్టలేదు. అదే వచ్చిన చిక్కు.

తిన్నగా ప్రొద్దుటూరు వచ్చి అక్క ముందు కూర్చున్నాను.

"మూడు ప్రతులు కొట్టాల అక్కా."

"ఏ పేజీ?"

"లెక్కలు కాదు. వాంగ్మూలం. ఆ పొద్దు సార్ నా పక్కన ఉండాడని."

అక్క కార్బన్ పెట్టబోయి ఆగింది. "మీ మామకి తెలుసా?"

"తెలుస్తుంది."

"నీకేమన్నా పిచ్చా అబ్బోడా? సచ్చిపోతావ్."

"సచ్చేలోపల సంతకం పెట్టాలక్కా, త్వరగా కానీ."

అక్క నవ్వలేదు. కొట్టింది. చివర్లో నేను చెప్పకుండానే "కాబట్టి ఆయన నిర్దోషి" అని ఒక వాక్యం కలిపింది. తీసేయమనలేదు నేను.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం చదివి, ఫిర్యాదు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఆయప్ప పేరు రాసిందీ నువ్వే, లేడనేదీ నువ్వేనా?"

"తప్పు కనపడితే దిద్దుకోవడం మా పని సార్."

గీత పడిన పదిహేడో పేజీ ముందు పెట్టాను. మూలనున్న పెన్సిలు రాత చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"ఇదేం సాచ్చెంరా? గీత!"

"గీత మాట్లాడదు సార్. అందుకే నేనొచ్చినా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పేజీని ఫైల్లో పెట్టి, "ఊరికి మాత్రం పోవాకు" అన్నాడు.

ఊరికి పోయాను. బావ దినాలు మరి. పోకపోతే భయపడ్డాడంటారు, పోతే పొగరంటారు. రెండూ నిజమే. పులివెందుల బస్టాండులో దిగేసరికి మామ ఇంకిద్దరితో టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండ నడినెత్తిన ఉంది. బస్టాండంతా మనుషులు. మామను చూడగానే ఆ మనుషులందరికీ వేరే పనులు గుర్తొచ్చాయి.

"నా కొడుకుని సంపినోళ్ల పక్క సెప్తావా?"

"సంపినోళ్ల గురించి చెప్పలే మామా. సంపనోడి గురించి చెప్పినా."

"చెయ్యి పెట్టు" అని బెంచీ చూపించాడు.

"ఏ చెయ్యి?"

"రాసే చెయ్యి."

ఎడమచెయ్యి పెట్టాను, నమ్ముతాడేమోనని.

"నాతో ఎగతాళా?" అని కుడిచెయ్యి లాగి బెంచీకి అదిమాడు. ఆ ఇద్దరూ నా భుజాలు పట్టుకున్నారు. కొడవలి పడినప్పుడు నొప్పి తెలియలేదు, చప్పుడు తెలిసింది, చెరకు గడ విరిచినట్టు. పక్కనున్న టీ గ్లాసు కదలనైనా లేదు. చూపుడువేలూ నడిమివేలూ బెంచీ అవతల పడ్డాయి. ఉంగరంవేలు సగం తెగి, ఆలోచిస్తున్నట్టు వేలాడింది. నెత్తురు నా ముఖం మీదికి కొట్టింది. నేను అరిచాను. ఆ అరుపులో హాస్యమేమీ లేదు.

"తలకాయ తీయాల్సింది" అన్నాడు మామ రొప్పుతూ. "నా చెల్లెలి కడుపున పుడితివి."

అంతలోనే కొడవలి పారేసి, తలపాగా విప్పి, నా చెయ్యి ఆయనే గట్టిగా చుట్టాడు. "చూస్తాండారేంరా, జీపు తీయండి!" అని కేకలేశాడు. దారిలో నా తల తన ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి భోరున ఏడ్చాడు. బావకోసమో వేళ్లకోసమో అడిగే ఓపిక నాకు లేదు.

"మీ అమ్మకు చెప్పాకురా" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎట్లా తెగిందని అడిగితే, "గడ్డికోసే మిషన్లో పెట్టినాడు" అన్నాడు మామ. నేను అవునన్నాను. కేసు పెట్టమని తర్వాత అక్క పోరింది. ఫిర్యాదు రాయడానికి దస్తూరి బాగున్నవాడు దొరకలేదని చెప్పాను.

సార్ బెయిలు మీద వచ్చాడు. ఛార్జిషీటులో తొమ్మిదో పేరు లేదు. ఆయన నా కట్టు చూశాడు. తర్వాత పెన్ను తీసి నా ఎడమచేతిలో పెట్టాడు.

"మీరే నింపొచ్చు కదా సార్."

"ఎవురు చదువుతారు?"

నిజమే. పదిహేడు నుంచి చివరిదాకా ఎడమచేత్తో నింపాను. ప్రతి సిగ్మా దెబ్బలు తిని వచ్చినట్టు ఒక పక్కకు ఒరిగింది. రోజుకు ఒక పేజీ కన్నా సాగేది కాదు. సార్ పక్కన కూర్చుని సిరా అద్దేవాడు. కింద బజారులో ఎప్పుడైనా చప్పుడైతే ఇద్దరం ముందు పెన్ను పైకెత్తేవాళ్లం, ఆ తర్వాత భయపడేవాళ్లం.

రిజిస్టర్ పోస్టులో పంపిన చాలా నెలలకు జవాబొచ్చింది. ఫలితం బాగుందట, నాలుగో ఉపసిద్ధాంతం ముచ్చటగా ఉందట. ఒక్క అభ్యంతరం: పదహారో పేజీ దాకా గుర్తులు ఒక చేతిరాతలోనూ, తర్వాతవి వేరే చేతిరాతలోనూ ఉన్నాయి. నియమం ప్రకారం ఒకే చెయ్యి ఉండాలి. కారణం తెలపగలరు.

"రోడ్డు ప్రమాదమని రాద్దాం సార్."

"ప్రమాదం కాదు గదా."

"గడ్డి మిషన్ అందాం."

"మనం గడ్డి యాడ కోసినాం?"

నిరూపించలేని మాట సార్ రాయడు. గంటసేపు కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చున్నాడు. కొత్త అద్దం ఇంకా వేయించలేదు. చివరికి తన చేపల్లాంటి అక్షరాలతో ఒక్క వాక్యం రాసి, టైపు చేయించమని నాకిచ్చాడు.

"కారణం గణితానికి సంబంధించినది కాదు."

అక్క దాన్ని చదివి, మూడు ప్రతులు కొట్టింది.