అచ్చం అదే కాని మందు

వర్తూరు చెరువు వైపు పోయే వీధిలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ముప్పై తొమ్మిదో ఏట ఒక ఉదయం నా వేళ్లు కత్తెరలో దూరలేదు. కణుపులన్నీ వాచిపోయాయి. కీళ్లవాతం అన్నారు, ఒంట్లోని రక్షణశక్తే పొరబడి సొంత కీళ్ల మీద పడే రకం. రెండేళ్లు మాత్రలు మింగాను. అయినా పొద్దున పది దాటితే తప్ప వేళ్లు వంగేవి కావు. హుక్కులు, కాజాలు కుట్టే పని బయటివాళ్లకు ఇచ్చేశాను. నా చేత్తో మొదలైన జాకెట్టు ఇంకొకరి చేత్తో పూర్తయి వస్తుంటే మనసు చివుక్కుమనేది.

మా డాక్టరమ్మది హిందూపురం వైపు. ఒకరోజు నా వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, "మాత్రలతో ఇంక అయ్యేది కాదు. ఇంజెక్షన్ మొదలుపెడదాం. విదేశీ మందు ఉండాది, దాన్ని చూసి ఇక్కడ చేసిన బయోసిమిలర్ కూడా ఉండాది. నేను రెండోది రాస్తా" అంది. మొదటిది నెలనెలా కొనడం మా వల్ల కాదని ఆమెకు తెలుసు.

మా అన్నకు పేటలో మందుల షాపుంది. చీటీ చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఇది నకలు మందు మ్మా. వద్దు."

"నువ్వు జ్వరానికి పది కంపెనీల మాత్రలు అమ్మవా అన్నా? అవి నకళ్లు కావా?"

"అవి వేరే మ్మా! మాత్రలో ఏముండాదో అచ్చు అట్లే చేయచ్చు. ఇది బతికుండే కణాల్లో పుట్టే మందు. అచ్చు అట్లే ఎవురూ చేయలేరు. నీ చేతుల మీద ప్రయోగమెందుకు?"

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కొలతల పుస్తకంలో ఒక ఖాళీ పేజీ తీసి ప్రశ్నలన్నీ రాసుకున్నాను, మరుసటి వారం దాన్ని డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె విసుక్కోలేదు.

"మీ అన్న చెప్పింది నిజమే. అచ్చం అదే కాదు. కానీ అసలు మందు కూడా ఒకసారి చేసినదానికీ ఇంకోసారి చేసినదానికీ రవ్వంత తేడాగానే వస్తాది, జీవకణాలు కదా. ఆ తేడా వల్ల గుణం తగ్గుతాదా, అపాయం పెరుగుతాదా అని చూస్తారు. ల్యాబులో పోల్చి, రోగులకిచ్చి పోల్చి, ఆ తర్వాతే అనుమతి."

"నాకు పని చేయకపోతే?"

"పన్నెండు వారాలు చూద్దాం. అసలు మందు కూడా అందరికీ పని చేయదమ్మా."

ఆమె ఏదీ దాచలేదు. వేసుకుంటానని అక్కడే చెప్పేశాను.

ఈ మందు ఒంట్లోని రక్షణశక్తిని తగ్గిస్తుంది కాబట్టి ముందు క్షయ లేదని పరీక్ష చేశారు. తర్వాత మందు పెన్ను లాంటి సిరంజిలో ఇంటికొచ్చింది. గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు. ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల పక్కన ఒక డబ్బా దానికే కేటాయించాను. మా ఆయన తాను పొడుస్తానన్నాడు. వద్దన్నాను. మొదటిరోజు మూత పీకడానికే నా వేళ్లకు బలం చాలలేదు. తడిగుడ్డ చుట్టి, రెండు అరచేతుల మధ్య బిగించి లాగాను. తొడ మీద ఆనించి నొక్కాను. మందు లోపలికి పోయింది.

రెండు వారాలకొకటి. మూడు వేసుకున్నా మార్పు లేదు. అన్న ఫోన్ చేశాడు.

"చెప్తే వినలేదు కదా నువ్వు."

"పన్నెండు వారాలన్నారు. నేను మధ్యలో ఆపను, అన్నా."

తొమ్మిదో వారంలో ఒక పొద్దున ఏడింటికి స్నానం చేసి వచ్చి నా జాకెట్టు హుక్కులు నేనే పెట్టుకున్నాను. ఏడాదిగా ఆ పని మా ఆయన చేసేవాడు. అలవాటుగా వచ్చి గుమ్మంలో నిలబడి, నా వైపు చూసి, కాఫీ పెట్టడానికి వెళ్లిపోయాడు. వంటింట్లో గిన్నె చప్పుడు చాలాసేపు వినబడలేదు. ఏడ్చాడనుకుంటాను.

జబ్బు పూర్తిగా పోలేదు. ముసురు పట్టిన రోజు ఎడమ మణికట్టు సలుపుతుంది. జ్వరం వస్తే ఇంజెక్షన్ వేసుకునే ముందు డాక్టరమ్మను అడగాలి. కానీ బయటికిచ్చిన పనంతా వెనక్కి తెచ్చుకున్నాను.

అన్న ఒక ఆదివారం వచ్చి నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"షాపులో కూచుని దొంగ మందులు ఎన్ని చూసినానో మ్మా. అందుకే భయపడితి."

"నువ్వు భయపడినందుకే కదా నేను పోయి అడిగింది" అన్నాను.

పోయిన నెల ఆసుపత్రిలో నా పక్కన హొసకోటె నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. ఆమె చీటీలోనూ అదే మందు. "ఇది నిజమైన మందేనా అక్కా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"నిజమైనదే. నాకు పని చేసింది. నీకూ చేస్తాదని మాత్రం నేను చెప్పలేను. లోపల డాక్టరమ్మను గట్టిగా అడుగు, సిగ్గుపడద్దు."

"డాక్టరు ముందు నాకు మాట రాదక్కా. నువ్వూ వస్తావా?"

ఆమె పేరు పిలిచారు. ఇద్దరం లేచి లోపలికి వెళ్లాం.