గిజిగాళ్ళ బావి

అలిపిరిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి పక్కగా పోతూ ఆ పచ్చిపొగ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు సజ్జకంకులు గుర్తొస్తాయి, ఆ వెంటనే మంగ నాయన గుర్తొస్తాడు, నోరు చేదవుతుంది.

మంగ బడిలో నా పక్కన కూర్చునేది. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. మా ఇల్లు చంద్రగిరిలో, వాళ్ళ చేను కోట వెనక గుట్టల కింద. ఆదివారమొస్తే వాళ్ళమ్మ పెట్టిన రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి తిని చేలమీద పడేవాళ్ళం. వానలకు గట్లంతా తంగేడు పసుప్పచ్చగా విరగబూసి, గడ్డిలో విష్ణుక్రాంతలు నీలంగా మెరుస్తూ, తుమ్మిపూల చుట్టూ తేనెటీగలు ముసురుతూ ఉండేవి. పిట్టో పువ్వో కనబడితే ముందు పేరు చెప్పినవాళ్ళు రెండోవాళ్ళకు మొట్టికాయ వెయ్యాలి, అదీ మా ఆట. నేను లకుముకి పిట్టను చూపించేలోగా మంగ పొదలో నక్కిన జెముడుకాకిని పట్టేసేది. నా నెత్తి బొప్పి కట్టని ఆదివారం లేదు.

వాళ్ళ బావిమీదికి ఒంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టేవి. పాముకు అందకుండా నీళ్ళమీద వేలాడే ఆ గూళ్ళంటే మంగకు ప్రాణం. ఆ ఏడు సజ్జ గింజ పాలు పోసుకునే వేళకు పిట్టలు కంకులు తినేస్తాయని, గూళ్ళు తెంపడానికి వాళ్ళ నాయన దోటి పట్టుకొచ్చాడు. మంగ ఆయన కాళ్ళు చుట్టేసుకుంది.

"గూళ్ళల్లో పిల్లలుండాయి నాయనా. చేను నేను కాస్తా, ఒక్క కంకి పోనీను."

"కాయి, సూస్తా. కంకి పోయిందో, గూళ్ళు బాయిలోకే."

మంగ బడి మానేసి మంచె ఎక్కింది. ఒడిసెల తిప్పి తిప్పి అరచేతులు పుండ్లయినాయి, అరిచి అరిచి గొంతు పోయింది. ఏ పిట్టల గూళ్ళ కోసం ఎక్కిందో ఆ పిట్టలనే పొద్దస్తమానం రాళ్ళతో తరమాలి. వాళ్ళ నాయన గట్టుమీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఆ తమాషా చూసి నవ్వుకునేవాడు.

కోత ముగిసింది. కంకులన్నీ కళ్ళానికి చేరాక ఆయన మళ్ళీ దోటి తీశాడు. ఒక్కో గూడూ తెగి నీళ్ళలో పడుతుంటే, లోపల్నుంచి కాసేపు కిచకిచలు వినిపించాయి.

"మాటిచ్చినావు గదా నాయనా!"

"సజ్జ కోసేవరకే మే మాట. మన పక్క చేలో కొర్ర కంకేసింది, కండ్లు లేవా?" అని కూలివాళ్ళవైపు తిరిగాడు. "సూడండప్పా మా పాప సెయ్యి! ఇట్టాంటి కాపలా యాడ దొరుకుతాది? ఇంగ బడీ వద్దు, గిడీ వద్దు."

అందరూ నవ్వారు. వాళ్ళమ్మ కూడా నవ్వింది. ఆయన్ని అదే దోటితో బావిలోకి తొయ్యాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

దసరా నాడు వెళ్ళాను. మంగ కొర్రచేలో మంచెమీద ఉంది. నేనూ ఎక్కి కూర్చున్నాను. పండగపూట కనబడితే పుణ్యమనే పాలపిట్ట ఎదురుగా కంచెమీద వాలింది.

"పాలపిట్ట!" అని అరిచి, ఇన్నాళ్ళకు గెలిచానని మొట్టికాయకు చెయ్యెత్తాను.

మంగ ఒడిసెల తిప్పింది. పిట్ట కంచె అవతల రాలిపడింది.

"అది గింజ తినదు మే!"

"ఏదైతే ఏమి, పిట్టే గదా," అంది, ఇంకో రాయి వెతుక్కుంటూ.

ఇప్పుడక్కడ ఇళ్ళ ప్లాట్లు. బావి పూడ్చేశారు. సజ్జ లేదు, తంగేడు లేదు, గిజిగాడంటే మా మునిమనవలకు పుస్తకంలో బొమ్మ. అంత గట్టి రైతు మళ్ళీ పుట్టలేదని మంగ నాయన గురించి మాత్రం ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. ఆయనకు కూతురు కూడా ఉండేదా అని నన్నే అడుగుతారు.