సుఖ్‌రాజి వెలిగించిన నీలిమంట

ఫిజీ దేశంలో, నౌసోరి పట్నం అవతల, రేవా నది నుంచి చీలిన పిల్లయేటి ఒడ్డున సుఖ్‌రాజికి రెండు కోళ్ల షెడ్లున్నాయి. అరవై రెండేళ్ల మనిషి. మొగుడు పోయి తొమ్మిదేళ్లయినా, తోడికోడలు జ్ఞాన్‌మతిని తోడు పెట్టుకుని ఒక్క బ్యాచ్ కూడా వదలకుండా నెట్టుకొచ్చింది. నేల మాత్రం ఏటికి అవతలి ఊళ్లోని ఒక వంశానిది. ముప్పై ఏళ్ల కౌలు ఆ జూలై ఆఖరుతో తీరిపోతుంది. మళ్లీ రాయాలంటే ఆ వంశానికి పెద్ద ఇలైతియా ఒప్పుకోవాలి.

ఆయన ఒప్పుకోవడానికి అడ్డం కంపు. గాలి అటు మళ్లితే ఆదివారం చర్చి నిండా కోడిపెంట వాసనే. ఈగలు సరేసరి.

"పాటకి నోరు తెరిస్తే నీ కోళ్లొచ్చి గొంతులో కూర్చుంటున్నాయమ్మా," అన్నాడోసారి నవ్వుతూ. ఆ నవ్వులో సుఖ్‌రాజికి కౌలు రాయనన్న మాటే వినిపించింది.

అందుకే గోబర్ గ్యాసు తొట్టి కట్టించింది. పేడ బదులు కోడిపెంట. వ్యవసాయం ఆఫీసాయన దగ్గరుండి నేలలో దింపించాడు. కంపు లోపలే మగ్గుతుంది, గ్యాసు పొయ్యికొస్తుంది. ఆరు వారాలు పెంట కలిపి పోశాక, ఏప్రిల్లో ఒక పొద్దున పొయ్యి మీద నీలిమంట లేచింది.

"కోడి రెట్టతో టీయా! నాకొద్దక్కా, నేనింటికెళ్లి తాగుతా," అంది జ్ఞాన్‌మతి ముక్కు మూసుకుని.

"తాగకపోతే పో. ఈగలకి పోస్తా."

జ్ఞాన్‌మతి రెండు కప్పులు తాగింది. ఆదివారాల్లో చర్చిలో వాసన తగ్గిందని అవతలి ఒడ్డు నుంచి కబురు కూడా వచ్చింది. సుఖ్‌రాజి ధైర్యం చేసి ఇలైతియాకు చెప్పి పంపింది: జూన్ చివరి శనివారం పెద్దలంతా రావాలి, ఈ మంట మీద కాచిన టీ తాగాలి, ఆ రోజే మీ ఆనవాయితీ ప్రకారం యంగోనా మొక్క వేళ్ల కట్ట మీ ముందు పెట్టి కౌలు అడుగుతాను అని.

శనివారానికి రెండు వారాల ముందు కోళ్లు లారీ ఎక్కాయి. ఖాళీ షెడ్లను క్రిములు చంపే మందునీళ్లతో కడగాలన్నది కోళ్లు కొనే కంపెనీ నియమం. కాలువ దగ్గర చిన్న తలుపు ఒకటి ఉంది. ఒకవైపు తిప్పితే నీళ్లు తొట్టిలోకి, ఇంకోవైపు తిప్పితే ఏట్లోకి పోతాయి. ఆఫీసాయన మరీ మరీ చెప్పాడు.

"మందునీళ్లు తొట్టిలోకి రానీకండి. గ్యాసు చేసేవి ప్రాణమున్న పురుగులు. అవి చస్తే మీ మంట కూడా చచ్చినట్టే."

సుఖ్‌రాజి తలుపు మీద చెయ్యేసి ఏటి వైపు చూసింది. అవతలి ఊరి ఆడవాళ్లు గొంతులోతు నీళ్లలో నిలబడి కాళ్లతో ఆల్చిప్పలు వెతుకుతున్నారు. వాళ్లలో ఇలైతియా భార్య కూడా ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ నీళ్లు ఆ ఏట్లోకే వదిలిన మనిషికి ఆ రోజే సిగ్గేసింది. రెండు వారాల్లో వాళ్ల ముందు మోకరిల్లాలి, ఇప్పుడు వాళ్ల తిండిలోకి మందు వదలనా అనుకుంది. అంత పెద్ద తొట్టిలో కాస్త మందు ఏపాటి అనుకుని తలుపు తొట్టి వైపు తిప్పేసింది. ముప్పై ఏళ్లు రాని ఆలోచన ఆ రోజే ఎందుకు రావాలో! ఈ కథ చెబుతున్న నాకిప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వారానికి మంట నీలం పోయి పసుపుపచ్చగా నీరసించింది. తొట్టికి ఆకలేసిందేమోనని షెడ్లు ఊడ్చిన కుప్పలోంచి ఇంకా పెంట తెచ్చి పోసింది. దాంతో తొట్టి పులిసిపోయి, ఎక్కడెక్కడి సందుల్లోంచో కంపు తన్నుకొచ్చింది.

శనివారం ఆరుగురు పెద్దలొచ్చి చాప మీద కూర్చున్నారు. సుఖ్‌రాజి అగ్గిపుల్ల గీసింది. ఇంకోటి గీసింది. నాలుగో పుల్లకు జ్ఞాన్‌మతి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఒక పెద్దాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మర్యాదకని దగ్గాడు.

సుఖ్‌రాజి మోకాళ్ల మీద కూర్చుని వేళ్ల కట్ట ముందుకు జరిపింది.

"మొన్నటిదాకా వెలిగింది పెద్దయ్యా. మందునీళ్లు మీ ఏట్లో పోయలేక దాన్లో పోశాను. తప్పు నాదే. ఒక్క ఏడాది గడువివ్వండి."

ఇలైతియా కట్ట వైపు చూశాడు. కట్ట చేతిలోకి తీసుకుని చప్పట్లు కొడితే అడిగింది ఇచ్చినట్టు. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"మా ఏటి కోసం చేశావు. మంచిదానివమ్మా, కాదన్ను," అన్నాడు. "కానీ ఊళ్లో వాళ్లకి నేనేం చూపించను? రేపు ఆదివారం."

వాళ్లు వెళ్లిపోయారు. కట్ట చాప మీదే ఉండిపోయింది. సుఖ్‌రాజి దాన్ని ఎత్తి లోపల పెట్టడానికి ఒకరోజు పట్టింది.

అయినా తొట్టిని మాత్రం వదల్లేదు. రోజూ గుప్పెడు పెంట, బిందెడు మంచినీళ్లు.

"శవానికి అన్నం పెడతావేంటక్కా," అని జ్ఞాన్‌మతి తిట్టేది, మళ్లీ తనే బిందె అందించేది.

జూలై ఆఖరు రోజున షెడ్ల రేకులు విప్పి లారీకెక్కిస్తుంటే వంటింట్లోంచి జ్ఞాన్‌మతి కేక పెట్టింది.

"అక్కా! వెలిగింది!"

నీలిమంట. నిటారుగా, ఏప్రిల్లో లేచినట్టే.

"పరిగెత్తుకెళ్లి ఇలైతియాని పిలుచుకు రానా?"

"వద్దు. నేల వదిలేస్తున్నట్టు కాగితాలెప్పుడో అయిపోయాయి."

"మరి ఈ తొట్టి?"

"భూమిలో కట్టింది. ఎక్కడికి తీసుకుపోతాం?"

సుఖ్‌రాజి కెటిల్ పొయ్యి మీద పెట్టబోయి, లారీ హారన్ విని దించేసింది. మంట కాసేపు చూసి, వంగి గ్యాసు కవాటం తిప్పి ఆర్పింది.