కోడలు ముందు పెట్టిన కాగితం

ఉప్పల్‌లో సంబంధం మాట్లాడిన రోజు మావాడు అమ్మాయి వాళ్లతో, మా అమ్మ ఏడు దాకా చదివింది అన్నాడు. నేను బడి గడప తొక్కలేదు. మా ఆయన ఉన్నన్నాళ్లూ కరెంటు బిల్లయినా మందుల చీటీ అయినా ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక, కళ్లజోడు మరిచానంటూ నెట్టుకొస్తున్నాను. కొత్త కోడలికి ఈ సంగతి తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాచారంలో మా ఇంటికి కోడలి ఆఫీసు అమ్మాయిలు ఇద్దరు వచ్చారు. కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆటట. ఒక మనిషి తక్కువైంది.

"కూసో అత్తమ్మా. రాజుల కథైనా, రాకెట్ల కథైనా గివే రూల్స్. ఇయ్యాల చర్లపల్లి స్టేషన్ల రైలు మాయమైంది. మీరు ముగ్గురు దేవులాడాలె."

"ఈ మోకాళ్లతోనా?"

"కథల మోకాళ్లు మంచిగనే ఉంటయ్."

మూడు పాచికలిచ్చి, ఊరికే ఒకసారి వేసి చూడమంది. ఒకటి, ఒకటి, రెండు. పచ్చీసులో ఇంత తక్కువ పడితే ఆట పోయినట్టే. నా ముఖం చూసి, వచ్చిన ఇద్దరిలో కోస్తా అమ్మాయి నవ్వింది.

"ఇందులో తక్కువ పడితేనే గెలుపు ఆంటీ. మాకెప్పుడూ పడి చావదు."

ఊపిరి పీల్చుకునేలోపే కోడలు నా ముందు కాగితం, పెన్ను పెట్టింది.

"కథల నీ మనిషికి ఏమొస్తదో, ఏం రాదో రాయి. రానిది రాస్తే పాయింట్లు ఎక్కువిస్త."

ఆ రోజు కళ్లజోడు ముక్కు మీదే ఉంది. పక్కన వాళ్ల పెన్నులు గబగబా కదులుతున్నాయి.

"నువ్వే రాయి బిడ్డా," అన్నాను చివరికి. "స్టేషన్ ఊడ్చే మనిషి. మొఖం జూసి అబద్ధం పట్టుకుంటది."

"రానిదేంది?"

"సదువు."

కోడలు తలెత్తి నన్ను చూసింది. కాగితం తన వైపు లాక్కుని రాసుకుంది.

"పది పాయింట్లు. మరి ఈమెకు బోర్డులు ఎవరు సదివి పెడతరు?"

"మొగడు సదివెటోడు. ఇప్పుడు లేడు."

పాచికలు నా చేతిలో పెట్టింది. ఆట సాగింది.

మర్నాడు పొద్దున నేను మాత్ర నోట్లో వేసుకోబోతుంటే, అడగకుండానే కోడలు మందుల చీటీ తీసి పైకి చదివింది.

"తెల్లది రాత్రికి అత్తమ్మా. పొద్దుగాల గాదు."

ఆయన పోయాక అన్ని నెలలూ దాన్ని నేను పొద్దునే వేసుకుంటున్నాను.