సముద్రం వైపు ఫీడరు

నాది అనుమానపు బుర్ర అని మా ఇంట్లో అందరూ అంటారు. ఏం చెయ్యను, ఉద్యోగం అలాంటిది. హైటెన్షన్ సబ్‌స్టేషన్లలో రిలేలు పరీక్షించే ఇంజినీరుని. లైను తెగి నేల మీద పడితే రిలే కనిపెట్టాలి, ఆ క్షణమే బ్రేకరు పడి కరెంటు ఆగాలి. లేకపోతే ఆ తీగ తొక్కిన మనిషి మిగలడు. అందుకే ఎవరైనా "అంతా బాగుందండీ" అంటే, ప్యానెల్ విప్పి చూస్తే గాని నాకు నిద్రపట్టదు.

కోనసీమలో రొయ్యల చెరువులు జోరుగా తవ్వుతున్న రోజులవి. అక్కడొక సబ్‌స్టేషన్లో మా అక్క మొగుడే ఆపరేటరు. ఉప్పుగాలికి సముద్రం వైపు ఊళ్ళకి కరెంటిచ్చే ఫీడరు లైను అయినదానికీ కానిదానికీ ట్రిప్పయి ఆగిపోయేది. అలాంటిది కొన్నాళ్ళుగా అసలు ట్రిప్పే లేదన్నారు. పైవాళ్ళు సంతోషించారు. నాకు మాత్రం మింగుడుపడలేదు.

నేను వెళ్ళేసరికి బావగారు గేటు దాకా ఎదురొచ్చారు.

"రండి సార్, ముందు బొండం తాగండి."

ఎక్కడున్నా నన్ను బావా అని పిలిచే మనిషి, ఎన్నడూ లేనిది సార్ అన్నారు. బొండం తాగుతూనే, ఇక్కడేదో ఉంది అనుకున్నాను.

ఫీడరు బ్రేకరుని లైను నుంచి తప్పించి, టెస్టింగ్ కిట్‌తో రిలేకి కరెంటు పంపి చూశాను. రిలే పనిచేసింది, గుర్తుగా దాని మీద ఎర్ర జెండా పడింది. బ్రేకరు కదల్లేదు. ప్యానెల్ వెనక టార్చి వేస్తే, రిలే నుంచి బ్రేకరుకి వెళ్ళే వైరు ఊడదీసి, కొనకి నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది.

"ఇదేంటండీ బావగారూ?"

"ఆయ్... ఊడిపోయుంటుందండి."

నాకు ఒళ్ళు మండింది. "టేపు కూడా అదే చుట్టుకుందా?"

అప్పుడు గొంతు తగ్గించారు. కాట్రేనికోన అవతల, ఈ ఫీడరు మీదే, రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నారట. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగి, గాలందక రొయ్య తేలిపోతుంది. "రొయ్య పట్టుబడి దగ్గరకొచ్చింది బావా. అందాకా చూడనట్టు ఊరుకో. మీ అక్క కష్టమంతా అందులోనే ఉంది." మళ్ళీ బావనయ్యాను.

వైరు బిగించి, బ్రేకరు పడటం కళ్ళారా చూశాను. నేనటు వెళ్ళగానే మళ్ళీ విప్పరని నమ్మకమేంటి? ప్యానెల్ తలుపుకి సీలు కూడా వేసి వచ్చాను.

మర్నాడు తెల్లవారుతుండగా ఫీడరు ట్రిప్పయింది. మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. చెరువు మొత్తం తేలిపోయింది. "సంసారం కూల్చేవు కదా" అని బావగారు ఫోనులో అరిచారు. నీ తమ్ముడు చేసిన పనే ఇదని అక్కతోనూ చెప్పారు.

సాయంత్రం మళ్ళీ ఫోను. ఈసారి అరవలేదు. తీగ తెగి పడింది వాళ్ళ చెరువు గట్టు మీదేనట. ఆయన డ్యూటీలో ఉంటే పొద్దున్నే మేత చల్లించడానికి మా అక్కే వెళ్ళేది. ఆ రోజూ వెళ్ళి, మసక వెలుతురులో ఏదో తీగ కాళ్ళకి తగిలితే, పక్కకి తోసి నడిచిపోయిందట.

"వైరు ఊడదీసిన సంగతి అక్కకి చెప్పకు బావా" అని ఏడ్చారు. నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

బావ బాగుపడటం ఓర్వలేక నేనే ఏదో చేశానని ఇప్పటికీ అక్కకి అనుమానం. వాళ్ళింటికి వెళ్తే అన్నం పెడుతుంది గాని, మొహం చూసి మాట్లాడదు. బాధగానే ఉంటుంది. బతికుండి అనుమానిస్తోంది కదా అని తలొంచుకుని తినేసి వస్తాను.