కుడి చెవి పలకలేదు

తల తిరుగుడు మొదలైనప్పుడు నేను మార్కాపురంలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. చీర తియ్యడానికి తల పైకెత్తినా, ఎవరైనా పిలిస్తే గబుక్కున అటు తిరిగినా, నేల పక్కకు ఒరిగిపోయేది. పరిచిన చీరల మీదే కూలబడేదాన్ని.

డాక్టర్లు మొదట రక్తం తక్కువన్నారు. మెడ ఎముకలు అరిగాయన్నారు. తర్వాత బీపీ అన్నారు. స్కానింగులో ఏమీ కనపడలేదు. వాళ్ళిచ్చిన మాత్రలకు రోజంతా మత్తుగా ఉండేది గానీ తిరుగుడు తగ్గలేదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండమన్నాడు దుకాణం యజమాని. ఆటో తోలి అలసిపోయి వచ్చే మా ఆయన, గోడ పట్టుకుని నడిచే నన్ను చూసి విసుక్కునేవాడు.

"రిపోర్టులన్నీ బాగనే ఉండాయి గదా. ఇంకేందే నీకు?"

నేను గోడ పట్టుకునే వెళ్ళి పడుకునేదాన్ని.

చివరికి ఒంగోలులో ఒక చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె వెంటనే మందులు రాయలేదు. మెత్తటి స్పాంజి దిండు మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమంది. మూశానో లేదో, కుడి పక్కకు పడబోయాను. ఆమే పట్టుకుంది. తర్వాత పడుకోబెట్టి, కెమెరా ఉన్న కళ్ళద్దాలు పెట్టి, చెవుల్లో చల్లటి నీళ్ళు పోసింది. ఎడమ చెవిలో పోసినప్పుడు గది గిర్రున తిరిగి, వాంతి అయినంత పనైంది. కుడి చెవిలో పోస్తే చల్లగా తగిలింది, అంతే.

మా ఆయన పక్కనున్న కంప్యూటర్ తెర మీద నా కళ్ళనే చూస్తున్నాడు.

"ఇందాక కళ్ళు అట్ల కొట్టుకున్నాయి. ఇప్పుడు కదల్లేదేందమ్మా?"

"మనిషిని పడకుండా నిలబెట్టే భాగం కుడి చెవిలో దెబ్బతింది," అందామె. "ఆ మత్తు మాత్రలు ఇంక వద్దు. తల తిప్పుతూ చేసే వ్యాయామాలు నేర్పిస్తాను. టైం పడుతుంది."

బస్టాండులో టీ తెచ్చిచ్చి, మా ఆయన నా పక్కన కూర్చున్నాడు. "అయితే నిజంగానే తిరిగేదా నీకు," అన్నాడు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది అదే. కోపం కూడా రాలేదు. టీ తాగి, బస్సులో అతని భుజం మీద నిద్రపోయాను.

బొటనవేలు మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పాలి. మొదట్లో ప్రతిసారీ కడుపులో తిప్పేది. మా ఆయన ఎదురుగా కూర్చుని, "ఇంకొంచెం, ఇంకొంచెం," అనేవాడు. నెలలు గడిచాక మళ్ళీ పనిలో చేరాను. సాయంత్రానికి ఒళ్ళు పులిసిపోతుంది. రాత్రి కరెంటు పోతే మాత్రం, చూపు ఆసరా లేక ఉన్నచోటే కూర్చుండిపోతాను, వచ్చేదాకా.